చిన్న కోత మంచిదే, ఇంటికి తొందరే వద్దు



మొన్న మన గ్రూపులో ఒకాయన రాసిండు: "నాలుగు చిల్లులు పెట్టి పేగు క్యాన్సర్ ఎట్ల తీస్తరు? లోపల సగం మిగిలిపోతది." ఆ అనుమానం నాక్కూడా ఉండేది. మా బాబాయికి పెద్దపేగులో గడ్డ అని తేలినప్పుడు కడుపు కోసే తీయమని డాక్టరుతో గొడవ పడ్డది నేనే.

తర్వాత చదివి తెలుసుకున్నాను. అమెరికా, కెనడాల్లో 48 ఆసుపత్రులు కలిసి 872 మంది పెద్దపేగు క్యాన్సర్ రోగులపై ఈ రెండు పద్ధతులనూ పోల్చి చూశాయి. 2004లో ఫలితం వచ్చింది. మూడేళ్లలో క్యాన్సర్ తిరగబెట్టింది కోసి తీసినవాళ్లలో 18 శాతం మందికి, లాపరోస్కోపీ వాళ్లలో 16 శాతం మందికి. అంటే తేడా లేనట్టే. నొప్పి తక్కువ, ఒకరోజు ముందే ఇంటికి. అయితే అక్కడ చేసిన ప్రతి సర్జనూ అంతకుముందే కనీసం 20 పేగు ఆపరేషన్లు ఈ పద్ధతిలో చేసినవాడు. అయినా ప్రతి ఐదుగురిలో ఒకరికి మధ్యలో కడుపు తెరవాల్సి వచ్చింది. అది డాక్టరు ఓడిపోవడం కాదు, బుద్ధిగా వెనక్కి తగ్గడం. కింద మలాశయం దగ్గరి గడ్డయితే పని ఇంకా కష్టం, అక్కడ చేయి తిరిగినవాళ్లే కావాలి. కాబట్టి "మీరు ఇట్లాంటివి ఎన్ని చేసిన్రు?" అని అడగడానికి మొహమాటపడకండి.

ఇక నా అసలు బాధ. బాబాయిని ఐదో రోజే డిశ్చార్జ్ చేశారు. పేరెందుకులెండి, పెద్ద ఊళ్లో పెద్ద ఆసుపత్రే. కుట్టిన పేగు లీకైతే సాధారణంగా మొదటి వారం పది రోజుల్లోనే బయటపడుతుందని మాకెవరూ చెప్పలేదు. సిరోంచ చేరిన మర్నాటి రాత్రి జ్వరం, కడుపు డోలులా ఉబ్బింది. గ్యాసనుకుని తెల్లారేదాకా ఆగాం. ఇక్కడి నుంచి గడ్చిరోలి 200 కిలోమీటర్ల పైనే. గోదావరి వంతెన దాటి కాళేశ్వరం మీదుగా వరంగల్ వైపు పరుగెత్తాం. బతికాడు, కానీ రెండో ఆపరేషన్, కడుపు మీద సంచి, నాలుగు నెలల మంచం.

పట్నంలో ఉన్నవాడికి ఐదో రోజు ఇల్లు సరే, అరగంటలో తిరిగి రాగలడు. మనం రాలేం. ఆపరేషన్ ఏ పద్ధతిలో జరిగినా పది రోజులు ఆసుపత్రి పక్కనే గది తీసుకుని ఉండాలి.

కార్డు సంగతి కూడా ముందే చూసుకోండి. ఆరోగ్యశ్రీ తెలంగాణ వాళ్లది. మన రేషన్ కార్డుకు వర్తించేది మహాత్మా ఫూలే యోజన. ఆయుష్మాన్ కార్డు నది దాటినా చెల్లుతుంది, కానీ జాబితాలో ఉన్న ఆసుపత్రిలోనే. అడ్మిట్ అయ్యాక అడిగితే లాభం లేదు.

మలంలో రక్తం పడితే మొలలని నాటుమందు వేసుకుంటూ ఏడాది గడిపేవాళ్లు మనలో ఎంతమందో! బాబాయీ అదే చేశాడు.

వచ్చే మీటింగులో ఒక మాట పెడతాను. వార్షికోత్సవం టెంటు, భోజనాల ఖర్చు కొంత తగ్గించి, ఆపరేషన్ అయిన సభ్యుడికి ఆ పది రోజుల గది అద్దె సంఘం నిధి నుంచి ఇద్దాం. కాదనేవాళ్లు రండి, బాబాయిని కూడా తీసుకొస్తాను, ఆయనతోనే మాట్లాడండి.