చేను మనది, సగటు మండలానిది

ఈ రోజు పోస్టు కొంచెం పెద్దది. టీ తాగుతా అయినా సరే, చివరి దాకా చదవండి. పంటల బీమా కట్టినవాళ్లూ చదవండి, కట్టాలా వద్దా అని ఊగిసలాడేవాళ్లూ చదవండి.

మా పక్క చేను ఆయన నాకు వరసకు బాబాయి. మూడెకరాల కంది వేశాడు. పూత మీద వాన మొహం చాటేసింది. పూత రాలింది, పిందె నిలవలా. చివరికి కందికట్టె కొట్టుకొచ్చి పొయ్యిలో పెట్టుకున్నాడు. బీమా కట్టాం గదా అని ధైర్యంగా ఒక ఆఫీసుకు పోయాడు. అక్కడ ఒక్క ముక్కతో తేల్చేశారు: "త్రెషోల్డ్ ఈల్డ్ దాటింది, క్లెయిమ్ రాదు." బయటికొచ్చి నన్నడిగాడు: "నా చేలో గింజే లేకపోతే దాటింది ఏందిరా?"

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత కూర్చుని ఒక్కో మాట అర్థం చేసుకున్నా. అర్థమయ్యే కొద్దీ కోపం పెరిగింది. ఆ మాటల్లో మన డబ్బుంది, మనకు తప్ప అందరికీ వాటి అర్థం తెలుసు.

మొదటి మాట ఇన్సూరెన్స్ యూనిట్. మనం బీమా మన సర్వే నంబరుకు అనుకుంటాం. కాదు. నోటిఫికేషన్లో ఆ పంటకు ఏది రాస్తే అది, ఊరు గానీ మండలం గానీ. మండలం యూనిట్ అయితే మండలం మొత్తం మీద కనీసం 10 చోట్ల, ఊరు యూనిట్ అయితే ఊళ్లో కనీసం 4 చోట్ల పంట కోత ప్రయోగాలు చేస్తారు. ఆ సగటే మన దిగుబడి అని రాసుకుంటారు. మన కాడ వాన ఎట్టాంటిదో మీకు చెప్పేదేముంది. ఎద్దుకు ఒక కొమ్ము తడిస్తే రెండో కొమ్ము తడవదు. తర్లుపాడులో కురిసింది కొనకనమిట్లలో కురవదు. ఒక్క మండలంలోనే చెరువు కింద చేను ఒక తీరు, కొండవార గరుగు చేను ఇంకో తీరు. ఈ రెంటినీ కలిపి సగటు తీస్తే ఎవరి కడుపు నిండినట్టు?

రెండోది త్రెషోల్డ్ ఈల్డ్, అంటే హామీ దిగుబడి. గడిచిన ఏడేళ్లలో బాగా పండిన ఐదేళ్ల సగటు తీసి, దాన్ని ఇండెమ్నిటీ లెవెల్‌తో హెచ్చిస్తారు. ఆ లెవెల్ మూడు మెట్లు: 70, 80, 90 శాతం. రిస్కు ఎక్కువున్న చోట కింది మెట్టు, తక్కువున్న చోట పై మెట్టు అన్నది దాని వెనక ఆలోచన. ఇంకోసారి చదవండి. కరువు ఎక్కువున్న సీమకు హామీ తక్కువ!

లెక్క వేసి చూద్దాం. ఇవి నేను ఉదాహరణకు పెట్టుకున్న అంకెలు. ఎకరాకు కంది ఏడేళ్లలో 400, 150, 350, 120, 200, 380, 170 కిలోలు. మంచి ఐదేళ్ల సగటు 300. లెవెల్ 80 అయితే హామీ 240. ఈ ఏడు మండల సగటు 180 వచ్చిందనుకోండి. తగ్గింది 60, అంటే 240లో పావు వంతు. బీమా మొత్తం ఎకరాకు 20,000 అయితే 5,000 వస్తుంది. అదే లెవెల్ 70 అయితే హామీ 210కి దిగి, వచ్చేది దాదాపు 2,857. 90 అయితే దాదాపు 6,667. చేను అదే, కరువు అదే. కాయితం మీద ఒక్క అంకె మారితే రెట్టింపు కంటే ఎక్కువ తేడా.

ఇంకో దెబ్బ చూడండి. ఏడేళ్లలో రెండు చెడ్డ ఏళ్లు తీసేస్తారు, బాగానే ఉంది. మరి మన పశ్చిమ ప్రకాశంలో ఏడేళ్లకు చెడ్డవి రెండే వస్తాయా? పై లెక్కలో 150, 120 పోయాయి గానీ 200, 170 సగటులో నిలబడిపోయాయి. నిన్నటి కరువు రేపటి హామీని కిందికి గుంజుతుంది. కాలవ కింద రైతుకు ఈ బాధ తక్కువ. వెలిగొండ నీళ్ల కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే మనకే ఎక్కువ.

"చేను చేనుకూ లెక్క కట్టడం అయ్యే పనా?" అంటారు. న్యాయంగా ఆ మాటకూ జవాబు చెప్పాలి. 1972లో గుజరాత్‌లో హెచ్-4 పత్తికి రైతు రైతుకూ విడిగా బీమా మొదలుపెట్టి, తర్వాత మన రాష్ట్రంతో సహా మరికొన్ని చోట్లకు తీసుకెళ్లారు. వచ్చిన ప్రీమియం 4.54 లక్షలు, కట్టిన పరిహారం 37.88 లక్షలు. ఆర్థికవేత్త వి.ఎం. దండేకర్ 1976లో ఏరియా లెక్కన బీమా పెట్టాలని వాదించారు. 1985 నాటి సమగ్ర పంటల బీమా నుంచి 2016లో వచ్చిన ఫసల్ బీమా దాకా అదే దారి. లక్షల చేలు తిరిగి చూడలేరు, ఒప్పుకుంటా. కానీ నా చేనుకూ ఆ సగటుకూ మధ్య ఉన్న తేడాకు మార్కెట్లో ఒక పేరుంది: బేసిస్ రిస్క్. పేరు పెట్టారంటే తెలుసన్నమాట. తెలిసీ దాన్ని మన నెత్తిన వదిలేశారు.

ఇప్పుడు అవతలి ఒడ్డు చూద్దాం. బీమా కంపెనీకి కూడా భయం ఉంటుంది, రాష్ట్రమంతా ఎండితే ఎట్టా అని. అందుకే అది తన నష్టానికి బీమా చేయించుకుంటుంది. అదే రీఇన్సూరెన్స్. తన దగ్గర ఉంచుకునే రిస్కు రిటెన్షన్. పైకి పంపేది సెషన్. ప్రీమియంలో ఇంత వాటా ఇస్తా, క్లెయిముల్లో అంతే వాటా నువ్వు భరించు అనేది కోటా షేర్. మొత్తం క్లెయిములు ఒక గీత దాటితే పైది నువ్వు చూసుకో అనేది స్టాప్ లాస్. ముంబైలోని జీఐసీ రీ మన దేశపు రీఇన్సూరెన్స్ కంపెనీ. ఈ మధ్య సంవత్సరాల్లో ప్రతి జనరల్ బీమా పాలసీలో 4 శాతం దానికి చట్టప్రకారం ఇవ్వాల్సిందే. అట్టాంటి కంపెనీలు కూడా తమ రిస్కులో కొంత ఇంకొకరికి పంపుతాయి, దాన్ని రెట్రోసెషన్ అంటారు. జ్యూరిక్‌లోని స్విస్ రీ 1863 నాటిది, మ్యూనిక్ రీ 1880 నాటిది. ఇదే వ్యాపారంలో తరాలుగా బతుకుతున్నాయి.

ఇదంతా తప్పని నేననను. అంత పెద్ద భారం నలుగురు పంచుకుంటేనే నిలబడుతుంది. నా గొడవ వేరే. ఈ గొలుసులో ప్రతివాడూ తన గీత ఎక్కడుందో ముందే చదివి సంతకం పెడతాడు. స్టాప్ లాస్ ఎంత శాతం దగ్గర మొదలవుతుందో తెలియకుండా ఏ కంపెనీ అయినా ఒప్పందం చేసుకుంటుందా? మరి మన గీత, అదే హామీ దిగుబడి, కట్టేటప్పుడు మనకెవరన్నా చెప్పారా? అన్ని రిస్కులకూ మోసే భుజం దొరికింది, బేసిస్ రిస్క్‌కు మాత్రం మన భుజమే దొరికింది.

ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. "పై కంపెనీ నుంచి డబ్బు రావాలి" అని ఎవరన్నా అంటే నమ్మొద్దు. రీఇన్సూరెన్స్ వాళ్లిద్దరి మధ్య ఒప్పందం. మనకు బాకీ మన కంపెనీయే.

"ఖరీఫ్‌లో 2 శాతమే గదా కట్టేది, ఊరికే వస్తుందా?" అంటారు కొందరు. ఎకరాకు 20,000 మీద 400 మనది. అసలు ప్రీమియం రేటు 15 శాతం అనుకుంటే 3,000. మిగతా 2,600 కేంద్రం, రాష్ట్రం చెరి సగం. అదెవరి డబ్బు? మనం కొన్న ప్రతి వస్తువు మీదా కట్టిన పన్ను. 2020లో మన రాష్ట్రం ఈ పథకం నుంచి బయటికొచ్చింది, 2022లో మళ్లీ చేరింది, 2024 రబీ నుంచి మళ్లీ రైతు వాటా కట్టే పద్ధతి వచ్చింది. ప్రభుత్వాలు మారాయి. మనకు అర్థం కాని మాటలు మాత్రం మారలా.

బీమా కట్టొద్దని నేను చెప్పట్లేదు. కట్టండి. కాకపోతే కళ్లు తెరిచి కట్టండి. రైతు సేవా కేంద్రంలో మూడు అడగండి: నా పంటకు యూనిట్ ఊరా, మండలమా? హామీ దిగుబడి ఎన్ని కిలోలు? ఎకరాకు బీమా మొత్తం ఎంత? వడగళ్లు పడినా, చేను మునిగినా 72 గంటల్లో తెలియజేసి, ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి. కోత ప్రయోగం ఏ చేలో, ఏ రోజో కనుక్కుని నలుగురు పోయి నిలబడండి.

ప్రభుత్వాన్ని అడిగేది కూడా మూడే. కంది లాంటి మెట్ట పంటలకు ఊరే యూనిట్ కావాలి. కరువు మండలాలకు 90 శాతం మెట్టు కావాలి. కట్టే గడువుకు ముందే హామీ దిగుబడి అంకెను తెలుగులో, పెద్ద అక్షరాల్లో, రైతు సేవా కేంద్రం గోడ మీద రాయాలి. మూడోదానికి ఒక డబ్బా రంగు చాలు. అది కూడా చేయకపోతే మనకు తెలియకూడదనే అనుకోవాలి.

బాబాయికి జవాబు చెప్పా: "దాటింది నీ చేను కాదు బాబాయ్, మండలం." ఆయన కాసేపు ఊరుకుని, "అయితే ప్రీమియం కూడా మండలాన్నే కట్టమనాల్సింది" అన్నాడు.

గిద్దలూరు, కంభం, మార్కాపురం, యర్రగొండపాలెం, దోర్నాల వైపు వాళ్లు, మీ మండలంలో కందికి హామీ దిగుబడి ఎంతో తెలిస్తే కామెంట్లో రాయండి. తెలియకపోతే "తెలియదు" అని రాయండి. ఎన్ని "తెలియదు"లు వస్తాయో చూద్దాం.