దూరాన్ని ప్రేమించిన షెరీఫ్

ఇంగ్లండు జమీందారీ కుటుంబాల గురించి మనకు తెలిసినదంతా చాలావరకు టీవీ సీరియళ్ల పుణ్యమే. పెద్ద భవంతి, గుర్రాలు, వేటకుక్కలు, ఇంటినిండా పనివాళ్లు. అటువంటి కుటుంబంలో పుట్టి, జీవితమంతా పుస్తకాలు రాస్తూ గడిపిన ఒక పెద్దమనిషి గురించి ఈ సంచికలో నాలుగు మాటలు చెప్పాలనిపించింది. ఆయన పేరు సర్ సాచెవరెల్ సిట్‌వెల్. ఆయన జీవితంలో మనలాంటి వలస కుటుంబాలకు పనికివచ్చే విషయం ఒకటుందని నా అభిప్రాయం.

సిట్‌వెల్ 1897లో యార్క్‌షైర్ తీరంలోని స్కార్‌బరోలో పుట్టారు. తండ్రి సర్ జార్జ్ డెర్బీషైర్‌లోని రెనిషా ఎస్టేటుకు యజమాని. అక్క ఈడిత్ కవయిత్రి, అన్న ఆస్బర్ట్ రచయిత. కలవారింట్లో కష్టాలుండవనుకుంటాం కానీ, 1915లో ఆయన తల్లి అప్పుల వ్యవహారంలో మోసం కేసులో ఇరుక్కుని మూడు నెలల జైలుశిక్ష అనుభవించారు. ఆ అప్పు తీర్చగల స్తోమత ఉండి కూడా తండ్రి తీర్చలేదు. అప్పటికి సిట్‌వెల్ ఈటన్ స్కూల్లో చదువుకుంటున్న కుర్రవాడు. తోటి పిల్లల మధ్య ఆ రోజులు ఎలా గడిచి ఉంటాయో ఊహించుకోవచ్చు.

మొదటి ప్రపంచ యుద్ధంలో గ్రెనడియర్ గార్డ్స్‌లో పనిచేసి, 1918లో తొలి కవితా సంపుటి వెలువరించారు. అయితే ఆయనకు పేరు తెచ్చింది 1924లో వచ్చిన 'సదరన్ బరోక్ ఆర్ట్'. ఇటలీ, స్పెయిన్ దేశాల్లో పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాలనాటి బరోక్ చర్చిలను, చిత్రాలను ఆ రోజుల్లో ఇంగ్లండు విద్యావంతులు చాలామంది అతి అలంకారమని, అభిరుచి లేని ఆడంబరమని తీసిపారేసేవారు. ముప్పై ఏళ్లు నిండని ఈ యువకుడు వాటిని వెళ్లి చూసి, తాను చూసినదాన్ని ఓపికగా వర్ణించి, జనం మళ్లీ అటు తల తిప్పేలా చేశారు. ఆ తరువాత సంగీతకారుడు లిస్ట్ జీవితం (1934), బ్రిటిష్ వాస్తుశిల్పులు, పనివారు (1945), జపాను (1959), కంబోడియా, ఇండియా, సయాం, నేపాల్ దేశాల ఆలయాలు (1962), ఇలా ఎన్నో విషయాల మీద రాశారు.

"డబ్బున్నవాడు, తిరిగాడు, రాశాడు. ఇందులో గొప్పేముంది?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వారసత్వం లేకపోతే ఆ తీరిక ఆయనకు దొరికేది కాదు. కానీ ఆ తీరిక ఉన్నవాళ్లు ఇంగ్లండులో వేలమంది ఉండేవారు. చూసినదాన్ని పదిమందికీ పంచినవాళ్లు బహు తక్కువ.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఇంకొకటి. ఇంతగా పరదేశాల మీద మనసు పెట్టిన మనిషి నార్తాంప్టన్‌షైర్‌లోని వెస్టన్ హాల్ అనే ఒకే ఇంట్లో దాదాపు అరవై ఏళ్లు కాపురముండి, 1988లో కన్నుమూశారు. 1948లో ఆ కౌంటీకి హై షెరీఫ్‌గా పనిచేశారు. వెయ్యేళ్లకు పైబడిన పదవి అది. ఏటా కొత్తవారిని నియమిస్తారు. రాజు గానీ రాణి గానీ పేర్ల జాబితాలో ఎంపికైన పేరు పక్కన సూదిలాంటి పనిముట్టుతో పొడిచి ఖాయం చేస్తారు. జీతం లేదు, ఖర్చులు సొంతవే. నేపుల్స్ చర్చిల మీద మోజు ఉన్నంత మాత్రాన తన కౌంటీ బాధ్యత తనది కాదని ఆయన అనుకోలేదు.

మనం మాత్రం ఈ రెంటినీ ఎదురెదురుగా నిలబెడుతున్నాం. ఇక్కడి వ్యవహారాల్లో తలదూర్చితే మన సంస్కృతి పలచబడుతుందని కొందరి భయం. ఇరవై ఏళ్లుగా ఒకే ఊళ్లో ఉంటూ, ఆసుపత్రి, మోటర్‌వే, ఇండియన్ షాపు తప్ప ఆ ఊరి సంగతులేవీ తెలియనివాళ్లు మనలో ఎంతమంది లేరు? స్కూల్ గవర్నర్‌గానో, మేజిస్ట్రేట్‌గానో పనిచేయడానికి బిరుదులు అక్కర్లేదు, జమీ అక్కర్లేదు. కొంచెం సమయం కావాలి. "మనకెందుకొచ్చిన గొడవ" అని తప్పుకుంటే, రేపు మన పిల్లల చదువు గురించి నిర్ణయాలు తీసుకునే బల్ల దగ్గర మన మాట వినిపించదు.

అటు దూరాన్నైనా సరిగ్గా ప్రేమిస్తున్నామా అంటే, అదీ అనుమానమే. "మన సంస్కృతి గొప్పది" అని పిల్లలకు పదేపదే చెబుతాం. ఏది గొప్పదో, ఎందుకు గొప్పదో చూపించం. స్కూలు ట్రిప్పులో బ్రిటిష్ మ్యూజియానికి వెళ్లి ఈజిప్టు మమ్మీలను చూసివచ్చిన మన పిల్లల్లో, అదే భవనంలో కృష్ణాతీరపు అమరావతి శిల్పాలున్నాయని ఎంతమందికి తెలుసు? లేపాక్షి స్తంభాల గురించి, రామప్ప గుడి నల్లరాతి మదనికల గురించి వాళ్లకు పది వాక్యాలు చెప్పగల పెద్దలం ఎందరం? సిట్‌వెల్ చేసినది ఆ పనే. గొప్పదని చాటింపు వేసి ఊరుకోకుండా, రాయిని, రంగును, వెలుగును దగ్గర కూర్చుని చూపించారు.

అందుకే మన సంఘానికి నాదొక విన్నపం. వచ్చే ఏడాది విహారయాత్ర అమరావతి శిల్పాల దగ్గరికి పెట్టుకుందాం. పెద్దలెవరైనా ముందుగా చదువుకుని వచ్చి పిల్లలకు వివరించాలి. దానితోపాటు, మన సభ్యుల్లో ఐదారుగురైనా తమ ఊరి బడిలోనో, కోర్టులోనో, కౌన్సిల్‌లోనో ఒక బాధ్యత తీసుకోవాలి. "మనది ఏ ఊరు?" అని పిల్లలు అడిగితే రెండు ఊళ్ల పేర్లూ ధైర్యంగా చెప్పే హక్కు అప్పుడు మనకు వస్తుంది.