శంకుపటలం: దురద కళ్ళు, గాజు కళ్ళు, అరువు కళ్ళు

కెరటోకోనస్ అన్న జబ్బుకు తెలుగులో ఒక పేరు పెట్టుకోవాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. గ్రీకులో కెరాస్ అంటే కొమ్ము, కోనోస్ అంటే శంకువు. కార్నియా అన్న మాట కూడా లాటినులో కొమ్ము నుంచి పుట్టినదే. రెంటినీ కలిపి "శృంగశంకువు" అందామంటే ఏదో యాత్రాస్థలం పేరులాగా వినిపిస్తోంది. "శంకుపటలం" సరిపోతుందని నా అభిప్రాయం. దయచేసి ఎవరూ "శంఖుపటలం" అని వ్రాయవద్దు. శంఖం ఊదేది, శంకువు మొన తేలి ఉండేది. ఇంతకంటే మంచి మాట ఎవరికైనా తడితే సంతోషంగా స్వీకరిస్తాను, ఎందుకంటే నేను ఈ జబ్బుతో ఇరవై యేళ్ళుగా కాపురం చేస్తున్నాను. పేరు తెలియని వస్తువుతో అంత కాలం కాపురం చేయటం కష్టం.

నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర మామూలుగా అర మిల్లీమీటరు మందం ఉంటుంది. ఈ జబ్బులో అది నడుమ పలచబడి, లోపలి ఒత్తిడికి ముందుకు ఉబికి మొన తేలుతుంది. సాధారణంగా పదిహేను, ఇరవై యేళ్ళ మధ్య మొదలై, ముప్ఫై అయిదు, నలభై దాకా నడిచి, తరువాత చాలామందిలో తనంత తానే నెమ్మదిస్తుంది. 1854లోనే జాన్ నాటింగ్‌హామ్ అనే ఇంగ్లీషు వైద్యుడు దీని గురించి ఒక గ్రంథమే వ్రాశాడు. అంటే కొత్త జబ్బేమీ కాదు, మన దాకా కొత్తగా వచ్చిన పేరు మాత్రమే.

చూపు మసకబారుతుంది అంటే చాలామందికి పొగమంచు వంటిదేదో ఊహకు వస్తుంది. ఇది అది కాదు. ఒక్కొక్క అక్షరం మూడు, నాలుగుగా కనిపిస్తుంది. అసలుదానికి కాస్త కిందుగా, పక్కగా నీడ అక్షరాలు వేలాడుతుంటాయి. ఇంగ్లీషు అక్షరాల పట్టీ మీద ఈ బాధ పూర్తిగా తెలియదు. తెలుగు చదివేవాడికి తెలుస్తుంది. "ప"కూ "ష"కూ తేడా పొట్టలోని ఒక చిన్న గీత. "వ"కూ "ప"కూ తేడా తలకట్టు దగ్గర. నీడలు పడితే లేని వత్తులు పుట్టుకొస్తాయి, ఉన్న వత్తులు కింది వరుసలోకి జారిపోతాయి. ఆస్పత్రిలో పట్టీ మీద కింది వరుస దాకా చదివి "చూపు బాగానే ఉంది" అనిపించుకుని, ఇంటికి వచ్చి దినపత్రిక సంపాదకీయంలో ఒక్క పేరా చదవలేని మనిషి ఉండటం సాధ్యమే. రాత్రిపూట ఒంగోలు నుంచి గుంటూరుకు బస్సులో ముందు సీటులో కూర్చుంటే, ఎదురుగా వచ్చే ప్రతి లారీ దీపమూ ఒక తారాజువ్వ.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్నది. మా పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల వంటి చోట్ల ఈ జబ్బును మొదటి మెట్టులోనే పట్టుకోగలిగే అవకాశం కళ్ళెదుట ఉంది. అది దురద.

కళ్ళను గట్టిగా నులుముకునే అలవాటుకూ శంకుపటలానికీ గట్టి సంబంధం ఉన్నదని నేత్రవైద్యులు చాలా కాలంగా చెబుతున్నారు. ఎలర్జీతో కళ్ళు దురద పెట్టే పిల్లలలో, ముఖ్యంగా అయిదు నుంచి పదిహేనేళ్ళ మగపిల్లలలో, వర్నల్ అనే ఒక రకం కండ్లకలక వేడి, దుమ్ము ఉన్న దేశాలలో ఎక్కువ. వర్నల్ అంటే వసంతానిది అని అర్థం. వసంతం పేరు పెట్టినవాడు రెంటచింతల ఎండలను చూసి ఉండడు! మా వైపు ఇది యేడాది పొడుగునా ఉంటుంది. దానికి తోడు మాఘ ఫాల్గుణాలలో కల్లాల మీద మిరపకాయలు ఆరుతుంటాయి, జిన్నింగు మిల్లుల దగ్గర దూది నూగు గాలిలో తేలుతుంటుంది. మిరప, పత్తి ఈ జబ్బును పుట్టిస్తాయని నేను అనటం లేదు. దురద ఉన్న కంటికి ఇవి మరింత దురద కలిగిస్తాయి. నులమటానికి చేతికి మరో కారణం దొరుకుతుంది. అంతే.

ఈ దురదకు మన ఇళ్ళలో ఉన్న వివరణ ఒక్కటే: వేడి చేసింది. తలకు ఆముదం పెడతారు, రాత్రి కళ్ళ మీద నందివర్ధనం పూలు పరుస్తారు. మూసిన రెప్పల మీద చల్లటి పూలు పెడితే నష్టమేమీ లేదు, హాయిగానే ఉంటుంది. కంటిలో చనుబాలు, ఆకుపసరు పోయటం మాత్రం మానవలసిన పని. అంతకంటే ప్రమాదం మందుల షాపులో చీటీ లేకుండా కొనే చుక్కలమందు. అందులో స్టిరాయిడ్ ఉంటే దురద రెండు రోజులలో మాయమవుతుంది. అందుకే మళ్ళీ మళ్ళీ కొంటారు. నెలల తరబడి వేస్తే కంటి ఒత్తిడి పెరిగి గ్లకోమా వస్తుంది, చిన్న వయసులోనే శుక్లం వస్తుంది. నీటి కాసులతో పోయిన చూపును ఏ లెన్సూ, ఏ ఆపరేషనూ తిరిగి ఇవ్వలేవు.

ఈ జబ్బు అరుదు అని పుస్తకాలలో వ్రాసుకున్నది పాశ్చాత్యుల లెక్క. నాగపూరు దగ్గరి పల్లెలలో జరిగిన మధ్యభారత నేత్ర అధ్యయనం 2009లో వందకు 2.3 మందిలో దీని లక్షణాలు ఉన్నట్లు చూపింది. వాళ్ళ కొలబద్ద కొంత ఉదారమైనదనే విమర్శ ఉంది, ఉండనీయండి. ఇంగ్లండులో స్థిరపడిన దక్షిణాసియా కుటుంబాలలో అక్కడి తెల్లవారికంటే ఇది ఎన్నో రెట్లు ఎక్కువని 2000లోనూ, 2005లోనూ వచ్చిన పరిశీలనలు చెప్పాయి. కనుక ఒక పెద్ద ఉన్నత పాఠశాలలో ఒకరిద్దరు పిల్లలు ఉన్నారనుకుని వెతకటం తెలివితక్కువ పని కాదు.

మరి వెతుకుతున్నామా? 2019 అక్టోబరు 10న ఆంధ్రప్రదేశ్‌లో కంటివెలుగు మొదలుపెట్టినప్పుడు ముందుగా బడిపిల్లలనే పరీక్షించారు. మంచి పని. కానీ బడిలో జరిగే ఏ కంటి శిబిరమైనా స్వభావరీత్యా కళ్ళజోడు దగ్గర ఆగిపోతుంది. పట్టీ చదివించటం, అద్దం ఇవ్వటం, లెక్క వ్రాసుకోవటం. శంకుపటలం ఉన్న పిల్లవాడికి కళ్ళజోడు ఇచ్చినా చూపు పూర్తిగా రాదు, ఆరు నెలలకు నంబరు మారుతుంది, సిలిండరు పెరుగుతుంది. నాకు నాలుగు కళ్ళజోళ్ళు మారేదాకా "చదువు ఎక్కువై" అన్నారు తప్ప ఇంకొక మాట రాలేదు. కార్నియా పటం తీసే యంత్రం ప్రతి మండలానికీ ఇవ్వమని అడగటం లేదు. రెటినోస్కోపు అనే చేతి దీపంతో చూస్తే ఈ జబ్బు ఉన్న కంటిలో వెలుగు కత్తెర ఆడినట్లు కదులుతుంది. అది గుర్తుపట్టటం శిక్షణ ఉన్నవారికి కష్టం కాదు. శిబిరం కాగితంలో రెండు ప్రశ్నలు చేర్చినా చాలు: ఈ బిడ్డ కళ్ళు నులుముతుందా? కళ్ళజోడు నంబరు యేడాదిలో ఎన్నిసార్లు మారింది? ఆ రెండింటికీ అనుమానం కలిగించే జవాబు వస్తే పెద్దాస్పత్రికి పంపాలి.

ఎందుకింత తొందర అంటే, జబ్బును ఉన్నచోట ఆపే చికిత్స ఒకటి ఉంది. 2003లో జర్మనీలోని డ్రెస్డెన్ వైద్యులు వొల్లెన్‌సాక్, స్పోర్ల్, సైలర్ దాని ఫలితాలు ప్రకటించారు. రైబోఫ్లేవిన్ అంటే మన బి-2 విటమినే, దాని చుక్కలు కంటిపొరలో ఇంకనిచ్చి, అరగంట సేపు అతినీలలోహిత కాంతి ప్రసరింపజేస్తారు. పొరలోని పోగుల మధ్య ముడులు పడి అది గట్టిపడుతుంది. ఆ పద్ధతికి పొర కనీసం 400 మైక్రాన్ల మందం ఉండాలి. అది పోయిన చూపును తీసుకురాదు, ఉన్నదాన్ని నిలుపుతుంది. పదిహేనేళ్ళప్పుడు దొరికితే ఒక జీవితం వేరుగా ఉంటుంది, ఇరవై అయిదుకు దొరికితే మరొకటి.

ఆ దశ దాటినవాళ్ళకు మిగిలేది లెన్సు. మెత్తని లెన్సు కాదు, గట్టిది. వంకరపొరకూ గట్టి లెన్సుకూ మధ్య కన్నీరు నిండి నున్నని కొత్త ఉపరితలం ఏర్పడుతుంది. చిన్న గట్టి లెన్సు కింద ఒక్క ఇసుక రేణువు దూరితే ఏమవుతుందో వర్ణించను. మిర్చి యార్డు ముందు రోడ్డు మీద బండి నడిపేవాడికి ఆ లెన్సు శిక్ష. తెల్లగుడ్డు మీద ఆని, కార్నియాను తాకకుండా గొడుగులా నిలిచే స్క్లీరల్ లెన్సుతో ఆ బాధ చాలావరకు తీరింది. దాన్ని గిన్నెలా పట్టుకుని, ప్రిజర్వేటివ్ లేని సెలైన్ నిండుగా పోసి, తల నేలకు సమాంతరంగా వంచి కంటికి అదిమి పెట్టుకోవాలి. ఒక్క గాలి బుడగ మిగిలినా మళ్ళీ మొదటికి. మొదటి వారం గంట పట్టేది, ఇప్పుడు రెండు నిమిషాలు. మధ్యాహ్నానికి లోపలి నీరు కాస్త మబ్బేస్తే తీసి, కడిగి, మళ్ళీ పెట్టుకోవాలి.

రెండు నియమాలు మా ప్రాంతం వారికి ప్రత్యేకంగా చెప్పాలి. కుళాయి నీరు, బోరు నీరు, మినరల్ వాటరు, ఏదీ లెన్సుకు తగలకూడదు. నీటిలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి కంటిపొరను తినేస్తుంది. రెండవది పచ్చడి. పండుమిరపకాయలు తొక్కిన చేతిని సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా ఆ మంట మర్నాటికి కూడా మిగులుతుంది. మా ఇంట్లో పండుమిరప పచ్చడి పట్టే రోజున నేను వంటగదికి బహిష్కృతుణ్ణి.

"ఈ అవస్థంతా ఎందుకు, కన్ను మార్పించేసుకోరాదా" అని చాలామంది బంధువులు అడుగుతారు. వారి దృష్టిలో లెన్సు తాత్కాలికం, ఆపరేషన్ శాశ్వతం. నేను దీనితో ఏకీభవించను. మార్చేది కన్ను కాదు, ముందుపొర మాత్రమే. వెంట్రుకకంటే సన్నని నైలాను దారంతో తరచు పదహారు కుట్లు వేస్తారు. చూపు స్థిరపడటానికి యేడాది, ఏడాదిన్నర పడుతుంది. శరీరం ఆ పొరను తిరస్కరించే ప్రమాదం ఏళ్ళు గడిచినా పూర్తిగా పోదు. కన్ను ఎర్రబడినా, వెలుగు చూడలేకపోయినా ఆ రోజే పరుగెత్తాలి. అంతా బాగా జరిగిన తరువాత కూడా చాలామందికి మళ్ళీ కళ్ళజోడో, అదే గట్టి లెన్సో కావాలి! ఈ సంగతి ముందుగా వినని రోగులను నేను ఎందరినో కలిశాను.

ఇంకొక కారణం కూడా ఉంది, నాకు అదే ముఖ్యం. ఆ పొర ఒకరు చనిపోతే దొరికేది. 1905 డిసెంబరు 7న, ఇప్పటి చెక్ దేశంలోని ఓలోమౌత్స్‌లో, ఎడ్వర్డ్ జిర్మ్ మొదటిసారి మనిషి కార్నియాను మరొక మనిషికి అతికించి విజయం సాధించినప్పుడు, ఆ రోగి అలోయిస్ గ్లోగర్ సున్నంతో కళ్ళు కాలిన కూలీ. పిడుగురాళ్ళ బట్టీల దగ్గర పనిచేసేవారికి ఆ కథ వివరించనక్కర లేదు. పత్తికట్టె గుచ్చుకుని, ధాన్యపు నూగు పడి, బూజు చేరి కంటిపొర తెల్లబడిన రైతుకూలీకి లెన్సు అన్న దారే లేదు, పొర మార్పిడి ఒక్కటే దారి. నాకు లెన్సు ఉంది. శంకుపటలం ఉన్నవారిలో మార్పిడి ఫలితాలు మిగతావారికంటే మెరుగని వైద్యులు అంటారు, నిజమే. అంత మాత్రాన మొదటి హక్కు మనదే అయిపోదు. లెన్సు పట్టినంత కాలం లెన్సుతో నెట్టుకురావటం మంచిదని నా పక్షం. అయితే ఇది నీడపట్టున కూర్చుని ఉద్యోగం చేసే నేను చెప్పే మాట. వేలకు వేలు పోసి స్క్లీరల్ లెన్సు కొనలేని, రోజంతా మిర్చి తొడిమలు తీసే అమ్మాయికి "లెన్సుతో సర్దుకో" అని చెప్పే అధికారం నాకు లేదు. ఆమెకు పట్టీ మీద నాకంటే రెండు వరుసలు ఎక్కువ కనిపించినా సరే, పొర ఆమెకే ముందు ఇవ్వాలంటాను.

చట్టానికి ఈ తేడాలు పట్టవు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చూపును "సాధ్యమైనంత ఉత్తమ సవరణ" తరువాత కొలుస్తుంది. లెన్సుతో 6/9 వస్తే మనిషికి ఏ లోపమూ లేనట్లే. ఆ లెన్సు రోజుకు పది గంటలే ఉంటుందనీ, కన్ను ఎర్రబడిన వారం అసలే ఉండదనీ, ఆ వారంలోనే పరీక్ష రావచ్చుననీ ఆ కొలతలో లేదు. పరీక్షలో అదనపు సమయమైనా ఇవ్వాలి.

పొరల సంగతికి వస్తే, మన వైపు దారి మునుపటికంటే దగ్గరయింది. గుంటూరు వైద్యకళాశాలలో చదివిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు అమెరికా నుంచి తిరిగివచ్చి 1987లో హైదరాబాదులో ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థను స్థాపించారు. 1989లో అక్కడ రామాయమ్మ నేత్రనిధి ఏర్పడింది, 2011లో విజయవాడ దగ్గర తాడిగడపలో ఒక ప్రాంగణం వచ్చింది, 2023 నాటికి ఆ సంస్థలో 50,000 కార్నియా మార్పిడులు పూర్తయ్యాయి. ఆ పొరలలో ప్రతి ఒక్కటీ ఏదో ఒక ఇంట్లో ఏడుపుల మధ్య ఎవరో ఒకరు ఫోను చేస్తే వచ్చినదే. మరణించిన ఆరు గంటల లోపు తీయాలి. అందాకా రెప్పలు మూసి తడిగుడ్డ వేసి ఉంచాలి, ఫాను ఆపాలి, తల కింద దిండు పెట్టాలి. పావుగంట, ఇరవై నిమిషాల పని. ముఖం వికృతం కాదు. కళ్ళజోడు వాడినవారివీ, శుక్లం ఆపరేషన్ చేయించుకున్నవారివీ, చక్కెర జబ్బు ఉన్నవారివీ కూడా పనికొస్తాయి. మా ఊళ్ళో తెల్లవారుజామున పోయిన వారిని మధ్యాహ్నం లోపే తీసుకువెళ్ళే ఆచారం ఉంది. ఫోను ఎవరు చేయాలో ఇంట్లో ముందే అనుకుని ఉంచుకోకపోతే ఆ ఆరు గంటలు పాడె కట్టటంలోనే గడిచిపోతాయి.