వెనక సీటు ఇష్టాన్ని ఎవరడిగారు?

మొన్న ఓ గృహప్రవేశం భోజనాల్లో ఓ పెద్దమనిషి, పప్పులో ఇంకాస్త నెయ్యి వెయ్యమని సైగ చేస్తూనే లోకానికంతా కలిపి తీర్పు చెప్పేశాడు. "తల నాది, బండి నాది. హెల్మెట్ పెట్టుకుంటానో మానుకుంటానో నా ఇష్టం. మధ్యలో గవర్నమెంటుకేంటండీ నొప్పి? మా టెక్సాస్‌లో ఎవడూ అడగడు." ఆయన డాలస్‌లో ఉంటాడు, సెలవులకి వచ్చాడు. ఆ బంతిలో కూర్చున్నవాళ్ళలో ఇద్దరు వకీళ్ళు, ఓ హైస్కూలు మాస్టారు ఉన్నారు. ఒక్కరూ కాదనలేదు. "నిజమేనండీ, ఇదంతా చలాన్ల దందా" అని పైపెచ్చు తాళం వేశారు. ఈ మాట ఆ బంతిలో పుట్టింది కాదు. పోలీసులు స్పెషల్ డ్రైవ్ మొదలెట్టిన ప్రతిసారీ టీ బడ్డీల దగ్గరా, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇదే పాట. చదువుకున్నవాళ్ళే ఎక్కువ పాడుతున్నారు.

ముందు ఆ టెక్సాస్ సంగతి తేల్చేద్దాం. అక్కడ 1997 నుంచి 21 ఏళ్ళు నిండినవాళ్ళు హెల్మెట్ లేకుండా నడపొచ్చు. నిజమే. కానీ శిక్షణ కోర్సన్నా పూర్తిచేసి ఉండాలి, వైద్య బీమా అన్నా ఉండాలి. ఫ్లోరిడా 2000లో చట్టం సడలించినప్పుడు కనీసం 10,000 డాలర్ల వైద్య బీమా ఉండాలంది. 2012లో మిషిగన్ 20,000 అంది. అంటే, "తల నీ ఇష్టమే బాబూ, ఆస్పత్రి ఖర్చు మాత్రం ముందు చూపించు" అన్నమాట. డాలస్ బాబు ఆ రెండో సగం విమానంలోనే దింపేసి వచ్చాడు. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీల్లో వయసుతో పనిలేకుండా అందరూ పెట్టుకోవాల్సిందే. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్న మనవాళ్ళెవరూ దీనికోసం ధర్నా చేసినట్టు నేను వినలేదు. అక్కడ పార్కింగ్‌లోంచి కారు తియ్యకముందే సీటు బెల్టు బిగించేవాడు, పసివాడికి వేరే సీటు కొని కట్టేవాడు, శంషాబాద్‌లో దిగంగానే స్వాతంత్ర్య సమరయోధుడైపోతాడు. బెల్టుని వీపు వెనక్కి తోసి దాని మీద కూర్చుంటాడు. ఈ సమరమేదో అక్కడి పోలీసు ముందు చెయ్యొచ్చుగా!

"తల నాది" అన్న వాదన కూడా కొత్తదేం కాదు. మసాచుసెట్స్‌లో ఒకాయన సరిగ్గా ఈ మాటే పట్టుకుని కోర్టుకెక్కాడు. 1972లో అక్కడి ఫెడరల్ కోర్టు ఒప్పుకోలేదు, సుప్రీంకోర్టూ ఆ తీర్పునే ఖాయం చేసింది. కోర్టు చెప్పిన కారణం సూటిగా ఉంది. నువ్వు పడ్డ క్షణం నుంచి నిన్ను రోడ్డు మీంచి ఎత్తేది సమాజం, ఆస్పత్రిలో చేర్చేది సమాజం, నువ్వు మంచం పడితే నిన్నూ నీ కుటుంబాన్నీ సాకాల్సింది కూడా సమాజమే, కాబట్టి ఇది నీ ఒక్కడి గొడవ కాదు. మన దగ్గరికి తెచ్చి చూడండి. ఎత్తేది 108, చేర్చేది పెద్దాసుపత్రిలో, కార్డుంటే ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో. న్యూరోసర్జరీ వార్డు బయట వరండాలో ఓ రాత్రి నిలబడితే తెలుస్తుంది ఎవరి తలో. సీటీ స్కాన్ ఫిల్ములున్న ప్లాస్టిక్ కవరు చంకలో పెట్టుకుని, మెళ్ళో పసుపుతాడు మాత్రం మిగిలిన ఆడమనిషి డాక్టరు కోసం చూస్తుంటుంది. గొలుసు అప్పటికే తాకట్టుకి వెళ్ళిపోయి ఉంటుంది. లోపల పడుకున్నవాడు తన ఇష్టం ఉపయోగించుకున్నవాడే.

హెల్మెట్ పోలీసుల వసూళ్ళ కోసం పుట్టిందనుకునేవాళ్ళకి ఓ ముక్క. 1935లో ఇంగ్లండులో, లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరుపడ్డ టి. ఇ. లారెన్స్ సైకిళ్ళ మీదున్న ఇద్దరు పిల్లల్ని తప్పించబోయి మోటార్ సైకిల్ మీంచి పడ్డాడు. తలకి దెబ్బ. ఆరో రోజున పోయాడు. ఆయన్ని చూసిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు సర్జన్ ఉన్నాడు. ఆ చావు ఆయన్ని వదల్లేదు. సైన్యంలో మోటార్ సైకిళ్ళ మీద కబుర్లు మోసే జవాన్ల తలగాయాల లెక్కలు తీసి, హెల్మెట్ కావాలని 1941లో అచ్చేశాడు. బ్రిటన్ తన పౌరులకి చట్టం చేసేసరికి 1973 వచ్చింది. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు తాత్సారం. అక్కడా "ఇష్టం" అనేవాళ్ళకి కొదవలేదు మరి.

ఇవన్నీ పక్కన పెడతాను. నాకు ఒళ్ళు మండేది వేరే చోట.

ఆదివారం సాయంత్రం ఏ ఊళ్ళోనైనా మెయిన్ రోడ్డు పక్కన నిలబడి చూడండి. స్కూటీ నడుపుతున్న మగాయన తలకి ఫుల్ ఫేస్ హెల్మెట్, అద్దం కూడా దించి ఉంటుంది. వెనక భార్య ఒకవైపుకి తిరిగి కూర్చుని ఉంటుంది. ఒక చెయ్యి ఆయన భుజం మీద, రెండో చెయ్యి ఒళ్ళో పసిపిల్ల చుట్టూ. ఆమె తలలో మల్లెపూలున్నాయి, మరేం లేదు. ముందు కాళ్ళ దగ్గర ఐదేళ్ళ కుర్రాడు హ్యాండిల్ పట్టుకుని నిలబడి ఉంటాడు, వాడి నుదురు సరిగ్గా స్పీడోమీటరు ఎత్తులో. బండి మీద నాలుగు తలలున్నాయి, హెల్మెట్ ఒకటుంది. అది ఎవరు పెట్టుకోవాలన్న ప్రశ్నే ఆ ఇంట్లో ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు చెప్పండి, ఇక్కడ ఇష్టం ఎవరిది? ఆవిణ్ణి అడిగారా? ఆ కుర్రాణ్ణి అడిగారా? "నా తల నా ఇష్టం" అని ఉపన్యాసాలిచ్చేవాడు తన తల భద్రంగా దాచుకుని, మిగతా మూడు తలల మీద తన ఇష్టాన్ని రుద్దుతున్నాడు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్ళు 50,029 మంది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. వాళ్ళు బండి వేగం పెంచలేదు, రాంగ్ రూట్‌లో దూరలేదు, సెల్‌ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకోలేదు. కూర్చున్నారు, అంతే. హెల్మెట్ ఉంటే వీళ్ళంతా బతికేవారని ఎవరూ అనరు. కానీ దానివల్ల చావు ముప్పు నూటికి 42 వంతులు, తలగాయాల ముప్పు 69 వంతులు తగ్గుతుందని ఎన్నో దేశాల అధ్యయనాలు కలిపి లెక్కతేల్చారు.

పోనీ, ఈ ఇష్టవాదులు ఇంట్లో ఇష్టాలకి అంత విలువిచ్చేవాళ్ళా అంటే అదీ లేదు. కూతురు ఇంటర్లో ఏ గ్రూపు తీసుకోవాలో వీళ్ళే చెబుతారు. కొడుకు ఎవర్ని చేసుకోవాలో వీళ్ళే చెబుతారు. ప్రయాణానికి వర్జ్యం చూస్తారు, కారు కొంటే చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. ఈ నిర్బంధాలన్నీ కిమ్మనకుండా మోసే తలకి, ఒక కిలోన్నర హెల్మెట్ దగ్గరికొచ్చేసరికి వ్యక్తి స్వేచ్ఛ గుర్తొస్తుంది!

ఆడవాళ్ళకి కొప్పుంటుంది, పూలుంటాయి, హెల్మెట్ పట్టదు అంటారు. ఈ అభ్యంతరం మగవాళ్ళ నోటే ఎక్కువ విన్నాను. సరే, శారీ గార్డ్ సంగతేమిటి? వెనక కూర్చున్నవాళ్ళ బట్టలు చక్రంలో చుట్టుకోకుండా చక్రాన్ని కనీసం సగం కప్పే ఏర్పాటు చేసి మరీ బండి అమ్మాలని కంపెనీలకి రూలుంది. సర్కారు చీర జోలికొచ్చిందని దానిమీద ఒక్కడూ పోట్లాడలేదు. కుర్రాళ్ళు స్టైలు కోసం ఊడదీయిస్తారు, పెళ్ళి కుదరగానే మళ్ళీ బిగించుకుంటారు. చీర చక్రంలో పడితే ప్రమాదమని తెలిసినవాళ్ళకి తల రోడ్డుకి తగిలితే ఏమవుతుందో తెలియదా? నాలుగేళ్ళు దాటిన పిల్లలకి హెల్మెట్ ఉండాలని చట్టంలో ఉంది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలకి నడిపేవాడి ఒంటికి కట్టే బెల్టు, హెల్మెట్ ఉండాలనీ, బండి వేగం 40 దాటకూడదనీ 2022లో నిబంధన పెట్టారు. పిల్లల హెల్మెట్ చూపించమని మా పక్క వీధి షాపులో అడిగితే, అతను ఆట బొమ్మల కొట్టుకి వెళ్ళమన్నాడు.

అలాగని ప్రభుత్వాలకి శాలువా కప్పబోవడం లేదు. 2019 సవరణతో చట్టంలో వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుపై వేటు రాసుకున్నారు. రాష్ట్రాలు తమకి తోచినట్టు నడుపుకున్నాయి. తెలంగాణలో పాత చలాన్లు పేరుకుపోయాయని 2022 మార్చిలో టూవీలర్లకి 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం తగ్గించి కట్టించుకున్నారు. ఆషాఢం సేల్ పెట్టిన బట్టల కొట్టులాగా! ఠంచనుగా కట్టినవాడు వెర్రివాడయ్యాడు, ఎగ్గొట్టినవాడు తెలివైనవాడయ్యాడు. ఇంక జనం హెల్మెట్‌ని తల కోసమని ఎలా అనుకుంటారు? కెమెరా కోసమనుకుంటారు. సిగ్నల్ దగ్గర కానిస్టేబుల్ ఫోను పైకెత్తగానే మోచేతికి వేలాడేది తలకెక్కుతుంది, మలుపు తిరగ్గానే మళ్ళీ మోచేతికి దిగుతుంది. పెట్టుకున్నవాళ్ళలో కూడా గడ్డం కింద పట్టీ బిగించేవాళ్ళెందరు? పట్టీ లేని హెల్మెట్ మనిషి కంటే ముందే రోడ్డు మీద దొర్లుతుంది. ఐఎస్ఐ గుర్తు లేనివి 2021 జూన్ 1 నుంచి అమ్మకూడదు. హైవే పక్కన తాడు కట్టి వేలాడదీసిన వాటిని వచ్చి చూడమనండి ఆ ఉత్తర్వు ఇచ్చినవాళ్ళని. లోపలి థర్మకోల్ పొర దెబ్బకి నలగడం కోసమే ఉంటుంది. అది నలిగే ఆ కాస్త వ్యవధిలోనే మెదడు మీద పడే దెబ్బ తగ్గుతుంది. ఆ బజారు సరుకులో కొన్నింటికి లోపల స్పాంజి గుడ్డ తప్ప ఏమీ ఉండదు.

మిగిలిన వాదాలకి ఎక్కువ చోటివ్వను. జుట్టు ఊడుతుందట. ఊడనీయండి. హారను వినబడదట. మన హారన్లు సమాధుల్లో ఉన్నవాళ్ళకి కూడా వినబడతాయి. సిక్కులకి మినహాయింపుందిగా అంటారు. తలపాగా చుట్టుకోవడం వాళ్ళ మతాచారం, ఈయనకి హెల్మెట్ మానడం ఏ మతాచారం? ముందు గుంతలు పూడ్చమంటారు. పూడ్చాల్సిందే, పూడ్చనివాణ్ణి నిలదీయాల్సిందే. అంతవరకు ఆ గుంతల్లో పడేది ఏ తల? "సందు చివరిదాకా, మెల్లగా వెళ్ళొస్తాం" అంటారు. బండి మీద కూర్చున్న మనిషి తల నేలకి మీటరున్నర ఎత్తులో ఉంటుంది. ఆగి ఉన్న బండి మీంచి ఒరిగిపడినా, నేలకి తగిలేటప్పటికి దాని వేగం గంటకి 20 కిలోమీటర్ల దాకా ఉంటుంది. 2021 సెప్టెంబరులో హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి దగ్గర నటుడు సాయి ధరమ్ తేజ్ బండి జారి పడ్డప్పుడు రెండు వారాలు అందరూ ఆయన వేగం గురించే మాట్లాడుకున్నారు. తన ప్రాణం హెల్మెట్ వల్లే నిలిచిందని ఆయనే తర్వాత చాలాచోట్ల చెప్పాడు. అది మాత్రం అభిమానుల బైకు ర్యాలీల దాకా చేరినట్టు లేదు.

మరేం చెయ్యాలంటారా? చలాను రాసిన చోటే ఆ డబ్బుకి హెల్మెట్ చేతిలో పెట్టి పంపమనండి. కొత్త బండితో పాటు ప్రమాణాలున్న హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర నిబంధనల్లో ఇప్పటికే ఉంది. బండికి రెండు సీట్లున్నప్పుడు రెండిమ్మనండి. ఎలా చెయ్యాలో జీతాలు తీసుకునేవాళ్ళు చూసుకుంటారు.

మీరు మాత్రం వాళ్ళ కోసం ఆగకండి. వెనక కూర్చున్నవాళ్ళ హెల్మెట్ నిన్నగాక మొన్న పుట్టిన రూలు కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్‌లో నడిపేవారితో పాటు వెనక కూర్చున్నవారూ మొదటి నుంచీ ఉన్నారు. చట్టం ఆమెని లెక్కలోకి తీసుకుని ముప్ఫై ఏళ్ళు దాటిపోయింది. ఈ ఆదివారం ఆమెని కూడా షాపుకి తీసుకెళ్ళి, ఆమె తలకి సరిపోయేది, ఆమెకి నచ్చిన రంగులో కొనండి.