మూగ ఇంగ్లీషు తరఫున

చైనాలో ఒక తిట్టు ఉంది: యాబ యింగ్‌యూ. అంటే మూగ ఇంగ్లీషు. పదేళ్ళు ఇంగ్లీషు చదివి, గ్రామరు బిట్లన్నీ కరెక్టుగా పెట్టి, తీరా ఓ విదేశీయుడు ఎదురుపడి దారి అడిగితే నోరు పెగలనివాడి ఇంగ్లీషు అన్నమాట. మాటలు రానివాళ్ళని కించపరిచే పదమే ఇది. కానీ వాళ్ళకి వాళ్ళు పెట్టుకున్న పేరు కాబట్టి ఇక్కడ అదే వాడుతున్నాను. ఈ తిట్టుని బయటివాళ్ళకంటే చైనా వాళ్ళే ఎక్కువ వాడతారు. పేపర్లలో, టీచర్ల మాటల్లో, కోచింగ్ సెంటర్ల ప్రకటనల్లో. ముఖ్యంగా ప్రకటనల్లో.

నేను ఆ మూగవాడి తరఫున మాట్లాడదలుచుకున్నాను. వాడికి ఇంగ్లీషు రాదంటే నేను ఒప్పుకోను.

నేను పనిచేసే ప్రాజెక్టులో సగం టీము షాంఘైలో ఉంటుంది. కాల్‌లో వాళ్ళు రెండు ముక్కలు చెప్పి ఆగిపోతారు. మనవాళ్ళు మ్యూట్ పెట్టుకుని నవ్వుతారు. కానీ ముప్ఫై పేజీల స్పెసిఫికేషన్‌లో, ఓ మూల, ఒక ‘అన్‌లెస్’ ఉండకూడని చోట ఉందని పట్టుకున్నది వాళ్ళే. కాల్‌లో గలగలా మాట్లాడినవాళ్ళెవరూ ఆ పేజీ దాకా వెళ్ళనే లేదు. మన వృత్తి భాషలో చెప్పాలంటే, లాటెన్సీ చూసి థ్రూపుట్ లేదని తీర్పు చెప్పేస్తున్నాం.

అసలు వాళ్ళు ఎంత దూరం నుంచి నడిచి వస్తున్నారో చూద్దాం. చైనీస్ క్రియకి కాలాన్ని బట్టి రూపం మారదు. వెళ్ళు అన్న మాట నిన్నైనా రేపైనా అదే. పని అయిపోయిందని చెప్పడానికి ‘ల’ లాంటి చిన్న ముక్కలున్నాయి, అవి కాలాన్ని చెప్పేవి కావు. ‘ఎ’, ‘ద’లు లేవు. నామవాచకానికి బహువచనం మామూలుగా ఉండదు. అతనికీ ఆమెకీ నోటితో పలికే మాట ఒకటే, ‘తా’. రాతలో ఆమెకి వేరే లిపి గుర్తు వాడకంలోకి వచ్చింది కూడా గత శతాబ్దం మొదట్లోనే. అందుకే ఇంగ్లీషులో పీహెచ్‌డీ చేసిన చైనీయుడు కూడా మాటల వేగంలో తన భార్యని ‘హి’ అనేస్తాడు. దానికి నవ్వేముందు మన వాక్యాలు ఓసారి వినండి: బస్సు వచ్చింది, అమ్మ వచ్చింది, వాన వచ్చింది. ఆడమనిషికీ బస్సుకీ మన క్రియ తేడా చూపించదు. (మగవాడు మాత్రం ‘వచ్చాడు’. దీని మీద వేరే గొడవ పెట్టుకోవాలి, ఇప్పుడు కాదు.)

ఇలాంటి దూరాన్ని చూసి మెదడు మీద తీర్పు చెప్పినవాళ్ళు కూడా ఉన్నారు. 1981లో ఆల్ఫ్రెడ్ బ్లూమ్ అనే అమెరికన్ ఒక పుస్తకమే రాశాడు. ‘అలా జరిగి ఉంటే ఇలా అయి ఉండేది’ లాంటి ఊహలకి చైనీస్‌లో ప్రత్యేకమైన క్రియారూపం లేదు కాబట్టి, ఆ తరహా ఆలోచన కూడా వాళ్ళకి కష్టమని వాదన. రెండేళ్ళకే టెర్రీ ఆవ్ అనే పరిశోధకురాలు అదే ప్రయోగాన్ని సరైన, సహజమైన చైనీస్‌లో రాసి మళ్ళీ పెట్టింది. తేడా చాలావరకు మాయమైంది. లోపం ప్రయోగానికి వాడిన చైనీస్‌లో ఉంది. పరాయి భాషలో తడబడ్డవాడి తెలివిని అనుమానించడం ఎంత పాత అలవాటో, ఎంత తేలిగ్గా జరిగిపోతుందో చెప్పడానికే ఈ సంగతి.

చదవడం దగ్గర ఇంకో కష్టం ఉంది. మనకి బాగా అర్థమయ్యేది. ‘నేను నిన్న కొన్న పుస్తకం’ అంటాం. చైనీస్‌లో ‘వొ జువోత్యెన్ మై ద షూ’. నేను, నిన్న, కొన్న, పుస్తకం. వరస అచ్చం ఒకటే. వివరమంతా ముందు, వస్తువు చివర్న. ఇంగ్లీషు దీన్ని తిరగేస్తుంది. ముందు పుస్తకం, తర్వాత దాని చరిత్ర. ఒక్క ముక్కకైతే ఫర్వాలేదు. ఒక వాక్యంలో అలాంటివి నాలుగు ఒకదాని తోకకి ఒకటి వేలాడుతుంటే, చదివేవాడు ప్రతిదాన్నీ పట్టుకుని వెనక్కి నడవాలి. తెలుగు మీడియం నుంచి ఇంజనీరింగులోకి వచ్చి పడ్డవాళ్ళకి ఈ నడక కొత్త కాదు. ఈ పని నోటితో సాధన చేస్తే రాదు. పెన్సిలుతో వాక్యాన్ని విరిచి, ఏది దేనికి తగులుకుందో గీతలు గీస్తే వస్తుంది. దానికి గ్రామరు అని పేరు. దాన్ని పాతచింతకాయ పద్ధతి అని వెక్కిరించేవాళ్ళు ఈ వాక్యాలు విరిచే అవసరం లేకుండా పుట్టినవాళ్ళయినా అయి ఉండాలి, మరచిపోయినవాళ్ళయినా అయి ఉండాలి.

ఇక వినడం. నా కోపమంతా ఇక్కడే. ‘గ్రామరు పట్టుకుని వేలాడారు, అందుకే చెవి మొద్దుబారింది’ అన్నది అందరూ చెప్పే మాట. నేను దీన్ని పూర్తిగా తలకిందుల వాదన అంటాను.

మాండరిన్‌లో ఒక అక్షరం చివర వచ్చే హల్లులు ‘న్’, ‘ఙ్’ రెండే, బీజింగ్ వాళ్ళ ‘ర్’ కలుపుకుంటే మూడు. మిగతా అంతా అచ్చులే. మరి ఇంగ్లీషు తన గ్రామరుని ఎక్కడ పెట్టింది? సరిగ్గా మాట చివర. బహువచనపు ‘స్’, ‘హి’ పక్కన క్రియకి తగిలే ‘స్’, జరిగిపోయినదానికి తగిలే ‘డ్’, ‘ఐల్’లో మిగిలిన ఒక్క ‘ల్’. చైనీయుల చెవికి ఏమీ వెతుక్కునే అలవాటు లేని చోటే ఇవన్నీ వచ్చి కూర్చున్నాయి. మనదీ అజంత భాషే. బస్‌ని బస్సు చేసుకున్నాం, రోడ్‌ని రోడ్డు చేసుకున్నాం, చివర ఓ ఉకారం తగిలించి హల్లుని కాపాడుకున్నాం. అయినా ‘టెక్స్ట్స్’ అనమంటే మనకీ నాలుక మడత పడుతుంది.

పైగా ఆ చివరి శబ్దాలు నిజంగా వినబడతాయా అంటే అదీ లేదు. ‘ఐ వాక్డ్ టు ద స్టేషన్’ మామూలు వేగంతో అంటే ‘వాక్డ్’ చివరి ముక్క పక్కనున్న ‘టు’లో కలిసిపోతుంది. లండన్‌లో పుట్టినవాడికీ అది విడిగా వినబడదు. వాడు వాక్యం మీదున్న పట్టుతో దాన్ని పూరించుకుంటాడు. ‘షుడ్ హావ్ బీన్’ నోట్లోంచి వచ్చేటప్పటికి ‘షుడబిన్’ అవుతుంది. అక్కడ మూడు మాటలున్నాయని తెలిసిన చెవికే మూడు వినబడతాయి. అంటే వినడంలో సగం పని గ్రామరే చేస్తోంది. చైనీస్ విద్యార్థికి వినబడని ఆ ‘స్’, ఆ ‘డ్’ మొట్టమొదట కనబడేది కాగితం మీద. ముందు చూసి, ఉందని తెలుసుకుని, ఆ తర్వాత వింటే వినబడుతుంది. ఆ వరసని మూగతనం అంటున్నారు.

అక్కడి విద్యార్థులు ఏళ్ళ తరబడి చేస్తున్న ఒక సాధన ఉంది, థింగ్‌షియె. విని రాయడం, మన డిక్టేషనే. వాయిస్ ఆఫ్ అమెరికా స్పెషల్ ఇంగ్లీష్ అని ఒక రేడియో కార్యక్రమం 1959లో మొదలైంది. దాదాపు 1500 మాటలతో, నెమ్మదిగా చదివే వార్తలు. దాన్ని ఒక్కో వాక్యం ఆపుకుంటూ, రాసుకుంటూ, తర్వాత అచ్చుతో పోల్చి చూసుకుంటూ ఇంగ్లీషు నేర్చుకున్న తరమే ఒకటుంది చైనాలో. రాసుకున్నదాంట్లో ఎర్ర ఇంకుతో దిద్దుకున్న చోట్లు చూస్తే, చాలావరకు మాటల చివర్లే ఉంటాయి. చదువు, వినికిడి, గ్రామరు, మూడూ ఒకే పనిలో కలిసిపోయే సాధన ఇది. చూడ్డానికి బోరుగా ఉంటుంది. స్టేడియంలో చెయ్యలేం.

స్టేడియంలో చేసిందేంటో కూడా చెప్పుకోవాలి కదా. 1990లలో లీ యాంగ్ అనే ఆయన ‘క్రేజీ ఇంగ్లీష్’ మొదలుపెట్టాడు. వేలమందిని మైదానంలో నిలబెట్టి, చేతులు ఊపిస్తూ, ఇంగ్లీషు వాక్యాల్ని గొంతు చించుకుని అరిపించేవాడు. సిగ్గు పోతే భాష వస్తుందని సిద్ధాంతం. దేశం బలపడాలంటే ఇంగ్లీషుని జయించాలన్న దేశభక్తి దానికి తోడు. 1999లో జాంగ్ యువాన్ దీని మీద తీసిన డాక్యుమెంటరీ చూడండి. గుంపు అరుస్తున్న వాక్యాల్లో ఎవరైనా ఎవరికైనా ఏదైనా చెబుతున్నారా అని వెతకండి. నాకు కనబడలేదు. మూగ ఇంగ్లీషుకి మందుగా అమ్మింది చెవిటి ఇంగ్లీషుని. అమీర్‌పేటలో మెట్ల పక్కన ‘30 రోజుల్లో స్పోకెన్ ఇంగ్లీష్’ బోర్డు కింద నిలబడి చూసినవాళ్ళకి ఈ వ్యాపారం తెలుసు. అమ్మేది ధైర్యం, బిల్లు భాష పేరున.

నేను అక్కడి పరీక్షల్ని వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. గావ్‌కావ్‌లో, అంటే మన ఎంసెట్ కంటే పెద్ద గండం, ఇంగ్లీషుకి 150 మార్కులు. కొత్త జాతీయ పేపరులో వినడానికి 30, చదవడానికి 50, ఖాళీలు పూరించే భాషా వినియోగానికి 30, రాయడానికి 40. లిజనింగులో మొదటి అయిదు చిన్న సంభాషణలు ఒక్కసారే వినిపిస్తారు. తుమ్ము వస్తే ఒకటిన్నర మార్కు పోయినట్టే. చదివే భాగంలో కొన్ని వందల మాటల పేరాలు, ప్రశ్నకి నాలుగేసి ఆప్షన్లు. ఒక పేరాలోంచి అయిదు వాక్యాలు పీకేసి, ఏడు ఇచ్చి, సరైన అయిదూ ఎక్కించమంటారు. డిగ్రీలో రాసే సెట్-4లో 710 మార్కులకి వినడం 35 శాతం, చదవడం 35 శాతం.

వాళ్ళు చదవడానికి ఎక్కువ మార్కులిచ్చారని విమర్శించేవాళ్ళతో నాకు పేచీ. అది చదవడమే కాదన్నది నా విమర్శ. ఈ పరీక్షలన్నీ మంచి మార్కులతో దాటేసినవాడు ఒక్క ఇంగ్లీషు పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవక్కర్లేదు. ఎక్కడా ఎవరూ అడగరు. నలభయ్యో పేజీలో వచ్చిన మనిషి నూట పదో పేజీలో మళ్ళీ కనబడితే గుర్తుపట్టడం, రచయిత వెటకారం చేస్తున్నాడో నిజమే చెబుతున్నాడో తేల్చుకోలేక ఓ రోజంతా గడపడం, ఇవి ఏ ఆప్షన్లోనూ పట్టవు. పాపం, అంత కష్టపడి తాళం తయారుచేసుకున్నవాడిని గుమ్మం దగ్గరే నిలబెట్టి, తాళం ఎలా తిప్పుతావో మాత్రం చూసి, మార్కులేసి పంపించేస్తున్నారు. ఇక్కడ కూడా మందు ఇంకా చదవడమే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మూగ అన్న తిట్టు ఇప్పుడు తిట్టుగా మాత్రమే మిగల్లేదు. 2021 మార్చిలో చైనా రాజకీయ సలహా సభలో ఒక సభ్యుడు ఇంగ్లీషుకి ప్రధాన సబ్జెక్టు హోదా తీసెయ్యమని ప్రతిపాదించాడు. నేర్పే గంటలెక్కువ, వాడేవాళ్ళు తక్కువ, పైగా అనువాదం చేసే యంత్రాలు వచ్చేశాయి కదా అన్నది ఆ వాదన సారం. ఆ జూలైలోనే స్కూలు పిల్లల ట్యూషన్ వ్యాపారాన్ని కట్టడి చేస్తూ ప్రభుత్వ విధానం వచ్చింది. ఆ తర్వాత షాంఘైలో ప్రైమరీ పిల్లల టర్ము పరీక్షల్లోంచి ఇంగ్లీషు పోయింది. పరీక్షలు తగ్గితే నాకూ సంతోషమే. కానీ ఆ మొదటి వాదన చూడండి. భాష అంటే విదేశీయుడితో మాట్లాడటమే అని ముందు ఒప్పుకున్నాక, గాన్సూ కొండల్లో ఉన్న అమ్మాయికి విదేశీయుడు ఎదురుపడడు కాబట్టి ఆమెకి ఇంగ్లీషు దండగ అని తేలడం ఎంతసేపు? షాంఘై డబ్బున్న పిల్లాడికి ఎలాగోలా ఇంగ్లీషు అందుతుంది. పోయేది ఆ అమ్మాయికే. యంత్రం అనువాదం చేసి పెడుతుంది నిజమే, నేను రోజూ వాడతాను. ఏది చదవాలో, యంత్రం ఎక్కడ తప్పు చేసిందో తెలుసుకోవాలంటే మాత్రం ఆమెకి సొంతంగా ఆ ‘అన్‌లెస్’ కనబడాలి.

ట్యూషన్లు మూతపడ్డ ఏడాదికి ఒక విచిత్రం జరిగింది. పెద్ద కోచింగ్ సంస్థ న్యూ ఓరియెంటల్ సరుకులు అమ్మే లైవ్ చానెల్ పెట్టుకుంది. అందులో దోంగ్ యూహుయ్ అనే మాజీ ఇంగ్లీషు టీచరు బియ్యం, మొక్కజొన్న పొత్తులు అమ్ముతూ పక్కన తెల్లబోర్డు మీద ఇంగ్లీషు మాటలు రాసి వివరించేవాడు. 2022 జూన్‌లో ఒక్కసారిగా లక్షలమంది వచ్చి కూర్చున్నారు. పరీక్ష లేదు, సర్టిఫికెట్టు లేదు, ఎవరూ నోరు తెరవక్కర్లేదు. ఫోను పట్టుకుని వింటూ, బోర్డు మీది అక్షరాలు చదువుతూ, పొత్తులు కొనుక్కున్నారు. మూగవాళ్ళకి భాష మీద ప్రేమ లేదనేవాళ్ళు దీన్నేమంటారో.

హా జిన్ సంగతి చెప్పి ఆపేస్తాను. 1999లో ‘వెయిటింగ్’ నవలకి అమెరికా నేషనల్ బుక్ అవార్డు తీసుకున్నవాడు. సైన్యం నుంచి బయటికొచ్చాక రష్యా సరిహద్దుకి దగ్గర్లో జ్యామూసి అనే ఊళ్ళో రైల్వేలో టెలిగ్రాఫ్ పని చేసేవాడు. అక్కడే రేడియోలో వచ్చే ఇంగ్లీషు పాఠాలు వినడం మొదలుపెట్టాడు. ఇంగ్లండు కార్మికుల మీద ఎంగెల్స్ రాసిన పుస్తకాన్ని ఎప్పటికైనా ఇంగ్లీషు మూలంలో చదవాలని ఆశ. ఎంగెల్స్ దాన్ని రాసింది జర్మన్‌లో. 1977లో కాలేజీలు మళ్ళీ తెరిస్తే, ఆయన తన ఇష్టాల జాబితాలో అన్నిటికంటే అడుగున రాసిన ఇంగ్లీషులోనే సీటిచ్చారు.