కొబ్బరికాయ తర్కం

మా అక్కయ్య కూతురు ఉస్మానియాలో తత్త్వశాస్త్రం ఎం.ఏ. చదువుతోంది. "దానితో ఏం ఉద్యోగం వస్తుంది?" అని అడగని చుట్టం లేడు. అడిగినవారిలో నేనూ ఒకణ్ణి. కనుక మొన్న వేసవిలో నల్లగొండ జిల్లాలోని వారి ఊళ్ళో జరిగిన ముచ్చట చెప్పడం నా విధి.

బావగారి బత్తాయి తోట ఎండిపోతోంది. అప్పటికే రెండు బోర్లు వేశారు. రెండింటా దుమ్మే లేచింది. ఆ నేలంతా గ్రానైటు రాయి. పైన చివికిన పొరలోనో, కింద రాతి పగుళ్ళలోనో తప్ప నీరు నిలవదు. నాలుగడుగులు అటైతే నీళ్ళు, ఇటైతే దుమ్ము. మూడో బోరుకు అక్కయ్య కాసులపేరు తాకట్టు పెట్టాలని నిశ్చయమైంది. పాయింటు చూపడానికి ఒక పెద్దాయన వచ్చి, కొబ్బరికాయను అరచేతిలో పడుకోబెట్టుకుని చేనంతా నడిచాడు. ఒకచోట కాయ నిటారుగా లేచింది. బావగారి ప్రాణమూ లేచివచ్చింది.

"తాతా, ఇక్కడ నీళ్ళు పడకపోతే?" అంది అమ్మాయి.

"పడతయి బిడ్డా. పడలేదంటే బోరు వంకర పోయినట్టు. లేకుంటే మీ నాయిన జాతకం బాగలేనట్టు."

ఆ రాత్రి అమ్మాయి నాకు పాఠం చెప్పింది. వియన్నాలో పుట్టిన కార్ల్ పాపర్ అనే పండితుడు 1934లో ఒక పుస్తకం ప్రకటించాడట. ఒక మాటకు సాక్ష్యాలు ఎన్నైనా పోగెయ్యవచ్చు. ఏం జరిగితే అది తప్పని ఒప్పుకుంటావో ముందే చెప్పు, అప్పుడే అది శాస్త్రం, అంటాడట ఆయన.

"మరి పక్కవాళ్ళకు ఈయన చెప్పినచోటే పడ్డాయి కదా?" అన్నాను.

"అది చెరువు కింది చేను మామయ్యా! కాయ లేచినా లేవకున్నా పడతయి."

నిప్పున్నచోటల్లా పొగ ఉండదు. పచ్చికట్టె తోడైతేనే ఉంటుంది. ఇలాంటి మెలికకు మన తార్కికులు 'ఉపాధి' అని పేరు పెట్టారు. 17వ శతాబ్దంలో మన అన్నంభట్టు తర్కసంగ్రహంలో దీన్ని కొత్తగా చదివేవారి కోసం వివరించాడు. ఇక్కడ పచ్చికట్టె చెరువు!

మర్నాడు అమ్మాయి పెద్దాయనకు దణ్ణం పెట్టి, కళ్ళకు తువ్వాలు కట్టుకుని మళ్ళీ ఒకసారి నడవమంది. నిజాయితీపరుడు, ఒప్పుకున్నాడు. కాయ లేచింది, నిన్నటి గుర్తుకు 30 అడుగుల అవతల! తువ్వాలు విప్పి ఆయన రెండు గుర్తులనూ చాలాసేపు చూశాడు. రూపాయి ముట్టకుండా, కాయ మాకే ఇచ్చి వెళ్ళాడు.

"అయితే ఏడ వెయ్యాలె?" అని కసిరారు బావగారు.

"నాకు తెల్వదు నాయినా. భూగర్భజల శాఖవారితో సర్వే చేయిద్దాం. మీ లెక్క ఎన్నిసార్లు తప్పిందని వాళ్ళనూ అడుగుదాం."

ఆ చదువుతో ఏం ఉద్యోగం వస్తుందో నాకింకా తెలియదు. నీళ్ళు ఎక్కడున్నాయో కూడా అది చెప్పలేదు. కాని ఆ పూటకు కాసులపేరు తిరిగి పెట్టెలోకి వెళ్ళింది. కొబ్బరికాయ పచ్చడైంది.