మోతిబిందు తీశారు సరే, షుగర్ సంగతో?

ఈ వారం పచ్చళ్ళు, పొడులు కాసేపు పక్కన పెడదాం. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు షుగర్ ఉందా? మోతిబిందు ఆపరేషన్ కూడా అయిందా? అయితే ఈ నాలుగు మాటలు మీ కోసమే.

మా అత్తమ్మది దేవరకొండ దగ్గర పల్లె. చాలా ఏళ్ళుగా షుగర్. కిందటేడు ఆపరేషన్ చేయించాం. పట్టీ విప్పిన మర్నాడు గోడమీది క్యాలెండర్‌లో తేదీలు గడగడా చదివేసింది. మా సంబరం ఇంతా అంతా కాదు. నెల తర్వాత మళ్ళీ చూపించమన్నారు. చూపు బాగానే ఉంది గదా, పెళ్ళిళ్ళ రోజులు, తర్వాత చూద్దాంలే అనుకున్నాను. తప్పు నాదే. ఒకరోజు ఆమె ఏరిన బియ్యంలో అన్నీ రాళ్ళే! అడిగితే, "పదిహేను రోజుల సంది మసక మసకగ ఉంది బిడ్డా. మల్ల మీకు ఖర్చని చెప్పలే" అంది.

డాక్టరుగారు చూసి, ఆపరేషన్ చెడిపోలేదు, కంటి వెనకపొర వాచింది అన్నారు. మోతిబిందు పట్టేది కంటి ముందుభాగంలోని కటకానికి. దాన్ని తీసి లెన్స్ పెడతారు. బొమ్మ పడేది మాత్రం వెనకున్న రెటీనా పొరమీద. షుగర్ దెబ్బతీసేది ఆ పొరలోని సన్నని రక్తనాళాలను. ఆపరేషన్ తర్వాత నెలా, రెండు మూడు నెలల్లో ఆ పొరలో నీరు చేరి వాచే ప్రమాదం షుగర్ ఉన్నవాళ్ళకు ఎక్కువ. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. అందుకే చూపించుకుంటే తప్ప తెలియదు.

అసలు జాగ్రత్త ఆపరేషన్‌కు ముందే మొదలుపెట్టాలి. చుక్కలు వేసి రెటీనా చూడమని అడగండి. దోషముంటే దాని వైద్యం ఎప్పుడు చేయాలో వాళ్ళే చెబుతారు. షుగర్, బి.పి. అదుపులో ఉండాలి. మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు.

ఇంటికొచ్చాక చుక్కల మందు పని మనదే. సబ్బుతో చేతులు కడుక్కోండి. సీసా మూతి కంటికి, రెప్పలకు తగలకూడదు. ఒక మందుకూ ఇంకో మందుకూ అయిదు నిమిషాలు ఆగండి. ఏ పూట ఏది వేశారో క్యాలెండర్‌మీద గీత పెట్టుకోండి. బాగైందని మధ్యలో మానకండి, గడువు దాటాక దుకాణంలో కొని పొడిగించకండి.

కన్ను నులమనీయకండి. డాక్టరు చెప్పేదాకా తలస్నానం వద్దు. కట్టెపొయ్యి పొగకు, మిరపకాయలు వేయించే ఘాటుకు దూరంగా కూర్చోబెట్టండి. చనుబాలు, ఆముదం, తేనె, ఆకు పసరు కంట్లో వేయమనే వాళ్ళ మాట వినకండి. చూడొచ్చిన చుట్టాలు మన నల్గొండ బత్తాయిలు తెస్తారు. రసం తీసి చక్కెర కలిపి ఇవ్వకండి. ఒక పండు తొనలుగా ఇస్తే చాలు.

నొప్పి, ఎరుపు, చీము, ఉన్నట్టుండి చూపు తగ్గడం, నల్లమచ్చలు, మెరుపులు, తెర అడ్డం పడినట్టుండడం... వీటిలో ఏది కనిపించినా ఆరోజే వెళ్ళండి. తెల్లారనీ అనుకోవద్దు.

1996 నుంచి 2000 దాకా జరిగిన ఆంధ్రప్రదేశ్ కంటి సర్వేలో మన మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలూ ఉన్నాయి. గుడ్డితనానికి పెద్ద కారణం మోతిబిందే అని అందులో తేలింది. 2018లోనూ, 2023లోనూ కంటివెలుగు శిబిరాలు ఊరూరా జరిగాయి. ఆపరేషన్‌కు తీసుకుపోవడం మనకు అలవాటైంది. తర్వాత మళ్ళీ తీసుకుపోవడమే అలవాటు కావాలి. చూపు బాగున్నా సరే, ఏటా ఒకసారి రెటీనా చూపించండి.

మా అత్తమ్మకు కంట్లో ఇంజెక్షన్లు ఇచ్చారు. ఇప్పుడు బియ్యం ఏరుతుంది. సన్న అక్షరాలు మాత్రం ఇంకా ఆనవు. నెలకే తీసుకుపోయి ఉంటే ఎలా ఉండేదో అని నాకిప్పటికీ మనసులో పీకుతూనే ఉంటుంది. మీకా బాధ వద్దు. "కనిపిస్తుందా అత్తమ్మా?" అని రోజూ అడగండి. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.